విసుగు దగ్గు

ఈ ఉదయం పక్కింటివాళ్లు డాబా మీద మిరపకాయలు ఆరబోశారు. ఘాటు కిటికీలోంచి వచ్చి గొంతులో గుచ్చుకుంది. మూడుసార్లు దగ్గాను. మూడోసారికి మంగమ్మ గుర్తొచ్చింది.

ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాక కథలు రాయడం మొదలుపెట్టాను. పర్చూరులో ఒక సభలో మొదటిసారి నా కథ చదివినప్పుడు ఎదురుగా ముప్పై ఎనిమిది మంది ఉన్నారు. ముగిసేసరికి ఇరవై ఒక్కరు మిగిలారు. లేచిపోయిన పదిహేడు మందికీ వినడం రాదని తేల్చుకుని, ఇక మైకు ముందు నిలబడనని డైరీలో రాసుకున్నాను.

మా ఇంటి ఎదుటి కల్లంలో ఆడవాళ్లు మిరపకాయల తొడిమలు తీసేవారు. మంగమ్మ ఆ ముఠాకు పెద్ద. చదువు రాదు. ఒకరోజు మంచినీళ్లకు వచ్చి నా బల్ల వైపు చూసింది.

"ఏంది టీచరమ్మా, ఇన్ని కాగితాలు?"

"కథలు మంగమ్మా. చదివితే జనం లేచిపోతున్నారు."

"మేం ఎక్కడికి పోతాంలే! కాయలు అయిందాకా కదల్లేం. వచ్చి చదువు తల్లీ."

మర్నాడు ముక్కుకు కొంగు కట్టుకుని ఆ ముఠాలోని పద్నాలుగు మంది మధ్య పీట వేసుకున్నాను. చదువుతున్నంతసేపూ ఎవరో ఒకరు దగ్గుతూనే ఉన్నారు. ఈ ఘాటులో ఏం వింటారని విసుక్కున్నాను.

"అది కాయ దగ్గులే," అంది మంగమ్మ. "ఇందాక నువ్వు తెల్లారడం గురించి పేజీడు చెప్తా ఉంటే అందరం ఒక్కసారే దగ్గాం చూడు, అదీ విసుగు దగ్గు. తెల్లారిందంటే సరిపోద్దిగా! మేం రోజూ చూసేదేగా!"

అందరూ పగలబడి నవ్వారు. నాకు కోపం వచ్చింది. అయినా మర్నాడు పెన్సిలు తీసుకెళ్లాను. దగ్గులు గుంపుగా పడ్డ ప్రతిచోటా గీత పెట్టాను. ఆరు వారాలు, నాలుగు కథలు. కొన్నిచోట్ల దగ్గులే కాదు, తొడిమలు తీసే చేతులూ ఆగిపోయేవి. "ఆ ముక్క జోలికి పోమాక," అనేది మంగమ్మ.

తర్వాత మా ఊరి గ్రంథాలయంలో చదవమని పిలిచారు. భయపడుతూనే ఒప్పుకున్నాను. మంగమ్మ కూడా వచ్చి చివరి వరుసలో కూర్చుంది. నేను ఒక తప్పు చేశాను. కొట్టేసిన తెల్లారే పేజీ మీద మమకారం చావక మళ్లీ చేర్చుకున్నాను. అది మొదలుపెట్టి రెండు వాక్యాలు చదివానో లేదో, చివరి వరుస నుంచి దగ్గు వినిపించింది. వెంటనే పేజీ తిప్పేశాను.

వచ్చినవారు ఇరవై తొమ్మిది మంది. చివరికి ముప్పై మంది ఉన్నారు. గుమ్మంలో నిలబడి విన్న ఒకాయన లోపలికొచ్చి కూర్చున్నాడు.

బయటికొచ్చాక అడిగాను. "నిజంగానే దగ్గొచ్చిందా మంగమ్మా?"

"ఆడ కాయలెక్కడున్నయ్ టీచరమ్మా!"

ఆమె పోయి రెండేళ్లయింది. ఇప్పటికి పదకొండు సభల్లో చదివాను. శనివారం వినుకొండలో పన్నెండోది. అందుకే ఈ ఉదయం కొత్త కథ పైకి చదువుకుంటున్నాను. దగ్గాక లేచి కిటికీ మూశాను. ఘాటు తగ్గేదాకా ఆగి, ఇందాక దగ్గొచ్చిన పేరానే మళ్లీ చదివాను.

దగ్గొచ్చింది. పెన్సిలు తీసుకున్నాను.