ఒక గది, రెండు అణుబాంబులు

ఢిల్లీ కరోల్ బాగ్ దగ్గర ఒకే గదిలో ఉండి నేనూ, మా వరంగల్ అన్నా సివిల్స్‌కి చదివేవాళ్లం. అన్నంటే సొంత అన్న కాదు, నాకంటే రెండుసార్లు ఎక్కువ తప్పిన సీనియర్. ఇంటి ఓనరు ఆంటీ పెట్టిన షరతులు రెండే: గదిలో నీచు వండకూడదు, బకెట్లో హీటర్ రాడ్ పెట్టకూడదు. నేనేమో కాకినాడవాణ్ణి, అగరబత్తి వెలిగించి మరీ ఎండురొయ్యలు వేయించేవాణ్ణి. ఆయన రాడ్‌ని లుంగీలో చుట్టి దాచేవాడు.

"వేడినీళ్లు సగం నాకివ్వకపోతే ఆంటీకి చెప్పేస్తా" అన్నాను ఒకరోజు.

"చెప్పుకో పో! నీ రొయ్యల ముచ్చట నేను జెప్త."

దాంతో నీళ్లూ సగం సగం, రొయ్యలూ సగం సగం. ఎనిమిది నెలలు శాంతి.

"గిదే డిటరెన్స్ తమ్మీ. బాంబుండేది ఎయ్యనీకి కాదు, ఎదుటోడు ఎయ్యకుండ ఆపనీకి" అనేవాడు. నాది ఫిజిక్స్, ఊరుకుంటానా? "కేంద్రకంలో ప్రోటాన్లకి ఒకదాని పొడ ఒకదానికి గిట్టదన్నా. అయినా బాగా దగ్గరైతే పట్టి ఉంచే బలం ఒకటుంది. కాస్త దూరం జరిగితే అదీ ఉండదు" అని నేనూ దంచేవాణ్ణి.

జనవరిలో నా ఇంటర్వ్యూ. పది రోజుల ముందు చూస్తే రొయ్యల డబ్బా ఖాళీ. ఒళ్లు మండిపోయింది. తిన్నగా కిందికెళ్లి, "ఆంటీ, ఊపర్ రాడ్ చల్తీ హై" అని రాడ్ గుట్టు చెప్పేశాను. నేను మెట్లెక్కుతుంటే ఆయన దిగుతున్నాడు. "ఆంటీ, యే ఝీంగా పకాతా హై!" అని నా రొయ్యల గుట్టు ఆయన విప్పేశాడు.

ఆంటీ రాడ్ పట్టుకుపోయింది, స్టవ్ పట్టుకుపోయింది, ఆయన్ని పై అంతస్తుకి మార్చింది. ఒక్క అంతస్తు దూరానికే మాటలు ఆగిపోయాయి. చన్నీళ్ల స్నానాలకి నా గొంతు పూడుకుపోయింది. బోర్డు ముందు మాటే పెగలకపోతే ఇన్నేళ్ల చదువూ గంగలో కలిసినట్టే. భయమేసింది, ఏడుపొచ్చింది.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే తలుపు చప్పుడు. పొగలు కక్కే బకెట్‌తో అన్న.

"ఆంటీ గీజర్ నీళ్లు. నీ గొంతు సంగతి జెప్పి, రొయ్యలన్నీ నేనే తిన్ననని ఒప్పుకున్న, మస్తు తిట్టి ఇచ్చింది. ముందుగాల పుక్కిలించు."

బోర్డులో ఒకాయన అడిగాడు: "రెండు దేశాలూ అణుబాంబులు వేసేసుకున్నాక మిగిలేదేమిటి?"

'బకెట్టెడు వేడినీళ్లు సార్' అనబోయి నాలిక కరుచుకున్నాను.

"ఏమీ మిగలదు సార్" అన్నాను. గొంతు ఖంగుమంది.