తాంబూలం పెట్టి చెప్పిన డాలరు ధర

2007వ సంవత్సరం. ధర్మవరం స్టేషన్ రోడ్డులో, ఒక మేడ కింది గదిలో, నాలుగు కంప్యూటర్లతో నాదొక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. పరీక్షల ఫలితాలు చూసుకునేవాళ్ళు, రైలు టికెట్లు చేయించుకునేవాళ్ళు, చీరల డిజైన్లు ప్రింటు తీయించుకునే వ్యాపారులు వచ్చిపోతుండేవాళ్ళు. తీరిక దొరికినప్పుడు వెబ్‌సైట్లు తయారుచేసేదాన్ని. అప్పట్లో మా ఊళ్ళో ఆ పని తెలిసినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి నాకు కాస్త పొగరు కూడా ఉండేది, దాచుకోవడం దేనికి?

తర్వాత చాలా ఆన్‌లైన్ దుకాణాలు పెట్టించాను. విదేశాలకు అమ్మే సరుకు ధర ఏ కరెన్సీలో, అంటే ఏ దేశపు డబ్బులో పెట్టాలని ఎవరడిగినా ఈరోజు తడుముకోకుండా చెబుతాను. ఆ ధైర్యం నాకు చదువుతో రాలేదు, నేను చేసిన ఒక తెలివితక్కువ పనితో వచ్చింది. ఆ పని ఖరీదు మాత్రం నారాయణప్ప అన్న కట్టాడు. అదీ నా బాధ.

నారాయణప్పకు అప్పుడు యాభై దాటాయి. నేత కుటుంబం. ఇంట్లోనే నాలుగు మగ్గాలు. మూడింటికి ఎలాగో పని దొరికేది. నాలుగోది రామాంజి అనే నేతగాడిది. పవర్‌లూమ్ చీరలు వచ్చిపడ్డాక ఆ మగ్గం నెలలో సగం రోజులు ఊరికే ఉండేది. రామాంజి బెంగుళూరు పోయి ఏదైనా అపార్టుమెంటులో వాచ్‌మన్‌గా చేరదామని చూస్తున్నాడు. పాతికేళ్ళు పట్టు నేసిన మనిషి!

"ఉమమ్మా, నువ్వేం చేస్తావో నాకు తెలీదు. ఈ సైటుతో ఆ నాలుగో మగ్గం నిలబడల్ల. లేదంటే విప్పి అటక మీద పెట్టేదే" అన్నాడు నారాయణప్ప నా ఎదురుగా కూర్చుని.

"నిలబెడదాంలే అన్నా. నేను లేనా?" అన్నాను.

పన్నెండు చీరల ఫోటోలు తీశాం. ఆయన భార్య రత్నమ్మ వదిన ఒక్కో చీర మడత విప్పి, అంచు వెలుతురుకు పెట్టి నిలబడేది. ఫోటోలు బాగా వచ్చాయి. ఇక ధర. సాదా పట్టుచీర, సన్నంచు, ఆరు వేల ఆరు వందలు. దాన్ని రూపాయల్లో పెట్టాలా, డాలర్లలో పెట్టాలా?

"ఫారినోళ్ళు మన రూపాయలు యాడ చూసింటారమ్మా? డాలర్లే పెట్టు" అన్నాడు నారాయణప్ప.

నాకూ అదే సబబనిపించింది. మా జిల్లాలో ఫారిన్ డబ్బంటే డాలరే. పుట్టపర్తికి వచ్చే తెల్లవాళ్ళు ఏ దేశం వాళ్ళయినా ఆటోవాళ్ళకు అందరూ డాలర్లవాళ్ళే. ఫిబ్రవరిలో ఆ రోజు ఎక్స్‌ఛేంజ్ రేటు, అంటే ఒక డాలరుకు వచ్చే రూపాయలు, నలభై నాలుగు. కాల్‌క్యులేటర్ నొక్కితే సరిగ్గా నూటాయాభై వచ్చింది. ఆ గుండ్రటి అంకె చూసి ఎంత మురిసిపోయానో! సైటులో ఎక్కించేశాను. మళ్ళీ దాని వంక చూడలేదు.

నెల తిరక్కుండానే ఇంగ్లండు నుంచి ఈమెయిల్ వచ్చింది. మార్గరెట్ అనే రిటైరైన టీచరమ్మ. ఏటా నవంబరులో పుట్టపర్తికి వచ్చే మనిషి. ఆమె స్నేహితుల బృందం ఒకటుందట. అందరికీ ఒకే రకం తెల్ల పట్టుచీరలు, సన్నటి కుంకుమరంగు అంచుతో ఇరవై నాలుగు కావాలి. పోస్టులో పంపొద్దు, నవంబరులో వచ్చినప్పుడు నేనే వచ్చి చూసి తీసుకుంటాను, డబ్బు అప్పుడే ఇస్తాను అని రాసింది. ఇరవై నాలుగు చీరలు! తెలుగులో చదివి వినిపిస్తుంటే నారాయణప్ప లేచి నిలబడ్డాడు.

"ఒప్పుకున్నామని రాయమ్మా. ఉండుండు, ఊరికే రాసేయద్దు" అని బయటికి పోయాడు. వచ్చేటప్పుడు చేతిలో రెండు తమలపాకులు, వక్కలు, ఒక రూపాయి బిళ్ళ.

మా ఊళ్ళో ఆర్డరు ఒప్పుకోవడమంటే తాంబూలం మార్చుకోవడం. ఆకూ వక్కా చేతికొచ్చాక చెప్పిన ధర ఇక కదలదు. పట్టునూలు ధర ఆకాశానికెక్కినా, పాతాళానికి పడినా సరే. ఇప్పుడు తాంబూలం పుచ్చుకోవాల్సిన మనిషేమో ఇంగ్లండులో ఉంది. నారాయణప్ప ఆకులూ వక్కలూ కంప్యూటరు ముందు, కీబోర్డు పక్కన పెట్టి కళ్ళకద్దుకున్నాడు. "ఇప్పుడు నొక్కమ్మా" అన్నాడు. నొక్కాను.

సంచకారం, అంటే బయానా, నూటొక్క డాలర్లు పంపమన్నాం. "వంద సరే, ఆ ఒకటి దేనికి?" అని ఆమె అడిగింది. "సున్నాతో ఆగకూడదు, ముందుకు సాగాలి" అని రాశాను. ఆమెకు నచ్చినట్టుంది, మర్నాడే పంపింది. రామాంజి మగ్గం మీద కొత్త పడుగు ఎక్కింది. ఇక బెంగుళూరు ఊసు లేదు.

వేసవి వచ్చింది. పేపర్లో వ్యాపారం పేజీ చూడటం నాకు అప్పటిదాకా అలవాటు లేదు. ఒకరోజు చూస్తే డాలరు నలభై ఒకటి చిల్లర! రూపాయి బలపడిందని పెద్దక్షరాల్లో సంతోషంగా రాశారు. వాళ్ళకేం, చీరలమ్ముతున్నారా? అక్టోబరుకు ముప్పై తొమ్మిది చిల్లరకు దిగింది. పైగా పేపర్లో కనిపించే రేటు మన చేతికి రాదు. బ్యాంకు మన దగ్గర డాలరు కొనే ధరను బయింగ్ రేటంటారు. అది ఇంకాస్త తక్కువ. ఫిబ్రవరిలో ఆరు వేల ఆరు వందలైన నూటాయాభై డాలర్లు ఇప్పుడు ఆరు వేలకు కూడా రావు. చీరకు నూలు, జరీ, కూలి కలిపి ఆరు వేలు పడుతుంది. అంటే ప్రతి చీర మీదా నారాయణప్ప చేతినుంచి ఎదురు పెట్టుకోవాలి.

ఆయనింటికి పోయి చెప్పాను. "అన్నా, తప్పు నాది. ఆమెకు ఈమెయిల్ రాస్తాను. రేటు మారింది, చీరకు పదిహేను డాలర్లు ఎక్కువ ఇమ్మని అడుగుదాం. ఆమె కాదనదు."

నారాయణప్ప నూలు పోస్తున్న ఆసు మీద నుంచి చెయ్యి తీశాడు. "ఏం మాట్లాడతాండావమ్మా? ఆకూ వక్కా పెట్టి చెప్పినాము. రేషం నూలు రేటు పెరిగిందని నేను ఎప్పుడన్నా ఎవురినన్నా పైసా ఎక్కువ అడిగినానా?"

"ఇది రేషం కాదన్నా, డాలరు!"

"ఏదైతే ఏమి? చెప్పింది చెప్పిందే. నువ్వు ఆయమ్మ కాడ రేటు మాటెత్తినావంటే మా గడప తొక్కద్దు."

"మరి నాలుగో మగ్గం?" అన్నాను.

ఆయన మళ్ళీ ఆసు మీద చెయ్యి వేశాడు. లోపల రామాంజి మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంది. "విప్పుదాం. ఇంకేం చేసేది?" అన్నాడు. దారి పొడుగునా నన్ను నేను తిట్టుకుంటూ ఇంటికి వచ్చాను.

నవంబరులో మార్గరెట్ వచ్చింది. అరవై దాటిన మనిషి, నూలు చీర కట్టుకుని టాక్సీ దిగింది. నారాయణప్ప ఇంటి చాప మీద కూర్చుని ఇరవై నాలుగు చీరలూ విప్పించింది. ఒకదాన్ని చెంపకు ఆనించుకుని కళ్ళు మూసుకుంది. "ఎంత బాగున్నాయి!" అంది. మధ్యలో తెలుగులోకీ ఇంగ్లీషులోకీ మార్చి చెప్పే పని నాది. నారాయణప్ప మొహంలో ఎంత సంతోషమో! నష్టానికి నేసిన చీరలని ఎవరూ అనుకోరు.

ఆమె సంచిలోంచి రూపాయల కట్టలు తీసింది. పుట్టపర్తిలో బ్యాంకుకు పోయి డాలర్ల ట్రావెలర్స్ చెక్కులు మార్చుకొచ్చిందట. ప్రయాణాల్లో నోట్లకు బదులు వెంట తెచ్చుకునే బ్యాంకు కాగితాలవి. రేటు మాట ఎత్తకూడదని నారాయణప్ప నా వైపు ఒక చూపు చూశాడు. ఎత్తలేదు. కానీ ఇంకో సందేహం నా నోట్లోంచి వచ్చేసింది.

"మీది పౌండ్ల దేశం కదా, డాలర్ల చెక్కులెందుకు తెచ్చుకున్నారు?"

ఆమె నవ్వింది. "మీరు ధర డాలర్లలో చెప్పారు కదా! అక్కడ పౌండ్లిచ్చి డాలర్లు కొన్నాను. కమిషన్ పట్టుకున్నారు. ఇక్కడ డాలర్లిచ్చి రూపాయలు తీసుకున్నాను. మళ్ళీ కమిషన్. నేనుండేది ఇంగ్లండులో, మీరుండేది ధర్మవరంలో. మన మధ్యలోకి అమెరికా ఎందుకు వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు."

నాకు తల కొట్టేసినట్టయింది. తొమ్మిది నెలలుగా రూపాయినీ డాలరునూ చూసుకుంటూ కూర్చున్నాను గానీ, ఆమె పర్సులో ఉండేది పౌండని ఒక్కసారైనా ఆలోచించలేదు. డాలరు మా డబ్బూ కాదు, ఆమె డబ్బూ కాదు.

ఆమె ఇంకో కవరు తీసింది. "దీన్ని ఏం చేయాలో మీరే చెప్పాలి. ఫిబ్రవరిలో మీ నూటాయాభై డాలర్లు మా లెక్కలో డెబ్బై ఏడు పౌండ్లు. అందరి దగ్గరా అంతే వసూలు చేశాను. ఈలోగా మా దగ్గర కూడా డాలరు చవకైంది. డాలర్లు కొనగా, కమిషన్లు పోగా ఎనభై పౌండ్లు మిగిలాయి. ఇవి నావి కావు. చీరలకని వాళ్ళిచ్చిన డబ్బు, చీరలు నేసినవాళ్ళదే."

తెలుగులో చెప్పాను. నారాయణప్ప రెండు చేతులూ అడ్డం ఊపాడు. "వద్దమ్మా. నేను నూటాయాభై డాలర్లు అన్నాను. ముట్టినాయి. పైన దుడ్లు నాకొద్దు."

"నేను నా స్నేహితులకు చీర డెబ్బై ఏడు పౌండ్లని చెప్పాను. నేనూ మాట చెప్పినదాన్నే" అంది మార్గరెట్. ఇద్దరూ మొండివాళ్ళే. కవరు చాప మీద ఇటు తోస్తే అటు, అటు తోస్తే ఇటు. మధ్యలో నేను.

రత్నమ్మ వదిన లోపలి నుంచి పళ్ళెం పట్టుకొచ్చింది. ఇంటికొచ్చిన ముత్తైదువకు పసుపు, కుంకుమ, రవికె గుడ్డ, తాంబూలం ఇవ్వాలి కదా. మార్గరెట్‌కు బొట్టు పెట్టి, పళ్ళెం చేతికిచ్చి, మొగుడి వైపు తిరిగింది.

"ఏమప్పా, నీదొక్కటే మాటా? ఆయమ్మ కూడా ఆడ ఇరవైమందికి చెప్పొచ్చిందంట కదా. ఆమెది మాట కాదా? తీసుకో."

నారాయణప్ప నసిగాడు. "ఆకూ వక్కా పెట్టి చెప్పింటి కదే..."

"పెట్టినావులే! ఆకు మూడు దినాలకు వాడిపోతాది. తొమ్మిది నెల్లనాడు పెట్టిన ఆకు ఇంగా పచ్చగా ఉంటాదా? మన ఊరోళ్ళతో అంటే నెలకో రెణ్ణెళ్ళకో చీర ఇచ్చేస్తాం, సరిపోతాది. ఇంత దూరం బేరానికి నువ్వొక గడువు పెట్టుకోవల్ల గదా."

అది ఇంగ్లీషులో చెబితే మార్గరెట్ పళ్ళెంలోని తమలపాకును వేలితో తాకి చూసింది. తర్వాత కవరు తీసి రత్నమ్మ వదిన చేతిలోనే పెట్టింది. నారాయణప్ప ఈసారి చేతులు అడ్డం ఊపలేదు. ఎనభై పౌండ్లు, అంటే ఆరు వేల పైగా రూపాయలు, పడ్డాక నష్టం పూడి, రెండు వేల పైచిలుకు మిగిలింది. మిగిలింది కొంచెమే, కానీ మగ్గం విప్పే మాట మళ్ళీ రాలేదు. వెళ్తూ వెళ్తూ ఆమె ఇంకో పదహారు చీరలు చెప్పింది. ఈసారి పౌండ్లలో.

ఆ వారమే సైటు మొత్తం మార్చేశాను. ఇంగ్లండు వాళ్ళకు పౌండ్లు, జర్మనీ, ఇటలీ వాళ్ళకు యూరోలు, అమెరికా వాళ్ళకే డాలర్లు. అసలు ధర నా దగ్గర రూపాయల్లో ఉంటుంది, ఎందుకంటే నూలూ కూలీ రూపాయల్లోనే. రేటు కాస్త అటూ ఇటూ అయినా తట్టుకునేలా నూటికి మూడు కలుపుతాను. ఆర్డరు ఇచ్చినప్పుడే సగం డబ్బు. ఈ మాటలన్నీ నారాయణప్ప ఊ కొడుతూ విన్నాడు గానీ, ఆయన మనసుకు పట్టింది ఒక్కటే. ప్రతి ధర పక్కనా చిన్న తమలపాకు బొమ్మ పెట్టించాడు. పదిహేను రోజులు పచ్చగా ఉంటుంది. గడువు దాటితే ఎండుటాకు రంగుకు తిరుగుతుంది. అప్పుడు ఆ రోజు రేటు చూసి ధర మార్చాలి. ఆకు పచ్చగా ఉన్నంతవరకు మాత్రం మిన్ను విరిగి మీద పడ్డా ధర మారదు.

ఇప్పుడు ఎవరైనా వచ్చి "ఫారిన్ కదా మేడమ్, డాలర్లలో పెట్టేయండి" అంటే నేను అడిగేవి రెండు. మొదటిది: కొనేవాళ్ళ పర్సులో ఏ డబ్బు ఉంటుంది? రెండోది: రేటు మారితే ఆ బరువు ఎవరు మోస్తారు? ఈ రెండింటికీ జవాబు చెప్పకపోతే నేను కీబోర్డు ముట్టుకోను.

కానీ అసలు పాఠం మరుసటి ఏడాది నేర్చుకున్నాను. 2008 చివర్లో డాలరు తిరగబడి యాభై దగ్గరికి పోయింది. మా అమెరికా పేజీలో చీర నూట నలభై ఐదు డాలర్లని ఉంది. ఆ లెక్కన చీరకు ఏడు వేల పైన వస్తుంది. నారాయణప్పకు ఫోన్ చేసి సంబరంగా చెప్పాను.

"అన్నా, మన పంట పండింది! ధర అట్లాగే ఉంచుతాను. ఎవరూ అడగలేదు కదా."

"ఆకు ఎట్లుండాది?" అన్నాడు.

తెరమీద చూశాను. ఎండిపోయి రెండు రోజులైంది. అదే చెప్పాను.

"అయితే ధర తగ్గించు."

"అన్నా, పోయినేడు ఎంత నష్టపోయావో మరిచిపోయావా? ఇప్పుడన్నా నాలుగు డబ్బులు చూడు!"

అవతల నాలుగు మగ్గాల చప్పుడు. దాని మీదుగా నారాయణప్ప గట్టిగా అన్నాడు. "ఏమ్మా, ఆకు మనకు నష్టమైనప్పుడే వాడిపోతాదా?"

ఫోన్ పెట్టేసి ధర మార్చాను. నూట ముప్పై ఐదు డాలర్లు. పక్కన ఆకు పచ్చబడింది.