ఇరవయ్యో ముడి

కనకమ్మ సత్రం ఊళ్లో నాగలింగానికి తేదీలతో పని లేదు. లోకంలో ఏం జరిగినా వరి నాటు వేసిన రోజు నుంచే లెక్క. మగ్గం నూలుపోగు ఒకటి మొలతాడుకు కట్టుకుని, రోజూ పొద్దున్నే దానికో ముడి వేస్తాడు. ఇరవయ్యో ముడి పడ్డ రోజే మొదటి కలుపు. ఆ రోజు ఆకాశం విరిగి మీద పడ్డా కలుపు ఆగదు.

పక్కింటి నటరాజు తన కూతురి పెళ్లిపత్రిక తెచ్చిస్తే, "ముహూర్తం రెండో కలుపుకు ముందరా, ఎనకా?" అని అడిగాడు. భార్య సరసమ్మ నాలుగు రోజులుగా దగ్గుతున్నానంటే, "ఊద గడ్డి రెండో ఆకు వేసినప్పటి నుంచి అను" అని దిద్దాడు.

"నన్ను గూడా పెరికి గట్టు మీద పారెయ్," అంది సరసమ్మ.

ఆ మాట ఆయన చెవిన పడలేదు. అప్పటికే మడిలో మడమల లోతు నీళ్లలో నిలబడి, పైరు సందున మబ్బులు మెల్లగా నడిచిపోతుంటే చూస్తూ తనను తాను మరిచిపోయాడు. వరిలాగే కనబడే ఊదను ఆయన కళ్లు మూసుకుని వేలికొసలతో పోల్చేస్తాడు. ఎదుట నిలబడ్డ మనిషిని పోల్చడానికే కాస్త సమయం పడుతుంది.

కలుపు ముఠా పెద్ద తిరుమలమ్మకు ఆ మడే ఏడాది బతుకు. నాగలింగం మడిలో ఎవరు దిగితే ఊరంతా వాళ్లనే పిలుస్తుంది. ఆమె లేనిదే ముఠా కదలదు. డెబ్బై ఎనిమిదిలో, నాటు వేసిన సరిగ్గా పంతొమ్మిదో రోజున ఆమె కూతురు ఇంద్రాణి తిరుత్తణి ఆస్పత్రిలో ఆడపిల్లను కన్నది. బాలింతకు జ్వరం. మూడు రోజులు పక్కన మనిషి ఉండాలన్నారు.

సాయంత్రం ఆస్పత్రి వసారాలో నాగలింగం కనబడగానే తిరుమలమ్మ లేచి నిలబడింది. పక్కూరి ముఠాను పిలిచానని చెప్పడానికే వచ్చాడనుకుంది.

"రేపు రాలేను మామా."

"రేపు యాడ కలుపు? లెక్కబెట్టు," అని పోగు చేతికిచ్చాడు.

పదహారు ముళ్లే ఉన్నాయి.

"నిన్న పద్దెనిమిది అంటివే?"

"నిద్రలో అనుంటా. ఇంకా నాలుగు దినాలుండాయి. బిడ్డను చూసుకో."

నాటు వేసిన రోజు ఊరందరికీ గుర్తుంది మరి. "ముప్పై ఏండ్ల లెక్క తప్పిపాయె," అని నటరాజు టీకొట్టు దగ్గర కనబడ్డవాడికల్లా చెప్పాడు. నాగలింగం తల వంచుకుని టీ తాగేవాడు. తెల్లవారుజామున మాత్రం సరసమ్మతో కలిసి మడిలో దిగి, ముదురుతున్న ఊదను చాటుగా పెరికేవాడు.

ఇరవయ్యో ముడి పడ్డ పొద్దున పొగమంచులో ముఠా మడిలో దిగింది. వయసు మీదపడి లెక్క తప్పాడు పాపం అనుకుంది తిరుమలమ్మ. కలుపు అయ్యాక ఎప్పటిలాగే, గట్టులో పూడ్చమని పోగును ఆమెకిచ్చాడు. ఆమె మగ్గం ఇంట్లో పుట్టిన మనిషి. పదహారో ముడికీ పదిహేడో ముడికీ నడుమ పోగు మూడు చోట్ల నలిగి ఉంది. ముడి వేసి విప్పిన నూలు అట్లాగే ఉంటుంది.

చేతులు కడుక్కుంటూ, "మామా, నా మనవరాలికి నేటికి ఎన్ని దినాలు?" అంది.

"నాటిన పంతొమ్మిదో నాడు పుట్టె. నేటికి ఇరవై మూడు. నాలుగు దినాలు," అన్నాడు నాగలింగం, నీళ్లలో మబ్బులను చూస్తూ.

ఆ తర్వాత నాలుక కరుచుకున్నాడు.

"సరి మామా," అంది తిరుమలమ్మ. పోగును గట్టులో పూడ్చలేదు, ఇంటికి తీసుకెళ్లి మనవరాలి ఉయ్యాలకు కట్టింది.

ఆ పిల్ల ఎప్పుడు పుట్టిందని అడిగితే నాగలింగం తేదీ చెప్పడు. "మొదటి కలుపు ఆలస్యమైన ఏడు," అంటాడు.

"ఎందుకు ఆలస్యమాయె మామా?" అంటారు అడిగినవాళ్లు.

"లెక్క తప్పింది."