బోరు నీళ్ల మడి

మందుల కంపెనీ ల్యాబులో పనిచేసేదాన్ని కాబట్టి, పెరట్లో గింజ పెట్టినా రాసి పెట్టుకోవడం నాకు అలవాటు. ఏ మడిలో ఏం వేశాను, ఎప్పుడు మొలిచింది, ఎప్పుడు పూసింది, అన్నీ నోటుబుక్కులో గీతలు కొట్టి రాసేదాన్ని. మా అత్తమ్మ నవ్వేది. "ఇగ చెట్లకు గూడ హాజరు తీస్కుంటున్నవా?" అనేది.

పోయినేడు వానలు వెనకబట్టాక మా బోరు నీళ్లకు ల్యాబులో వచ్చేలాంటి మందు వాసన మొదలైంది. ఆ నీళ్లు సీసాలో పట్టి, ప్రభుత్వ ఆఫీసులో పరీక్షకు ఇచ్చి వచ్చాను. రిపోర్టు నేటికీ రాలేదు. తిరిగి తిరిగి విసుగొచ్చి, నా పరీక్ష నేనే పెట్టుకున్నాను. రెండు మడుల్లో ఒకే రకం సొర గింజలు వేసి, ఒకదానికి నల్లా నీళ్లు, ఇంకోదానికి బోరు నీళ్లు పోశాను. చూస్తే ఏముంది, బోరు మడి తీగే ముందు పందిరెక్కింది. కాయలు నిగనిగలాడుతూ దిగాయి. వాటిని చూస్తే నాకు భయమేసింది. కాయ బాగా కాసిందని నా పుస్తకం చెబుతుంది, మూడేళ్ల నా కూతురు తినొచ్చా అంటే చెప్పదు.

అత్తమ్మకు నా అనుమానమే పెద్ద అవమానం. పొలం పడావు పడి బీడైపోయాక ఆమెకు మిగిలిన మట్టి ఆ పెరడే. సొరకాయ పాలు పోసి వండి మనవరాలికి తినిపించబోతే, నేను గిన్నె లాక్కున్నాను.

కొన్నాళ్లకు ఆమే వచ్చి నా పక్కన కూర్చుంది.

"నేను తింట బిడ్డా, రోజు తింట. నువ్వు రాస్కో. నాకేమన్న అయితే పోరికి పెట్టకు. ముసల్దాన్ని, నాకేమైతే ఏంది?"

నాకు ఒళ్లు మండిపోయింది. "గట్లెట్ల రాస్త? నువ్వేమన్న ల్యాబుల ఎలుకవా అత్తమ్మా?" అని అరిచాను. అరుస్తూనే ఏడ్చేశాను. ఆమె లేచి వెళ్లి కాయ కోసుకుంది. మర్నాడు తీగ పీకేద్దామని వెళ్తే, పందిరి కింద మంచం వేసుకుని కూర్చుని ఉంది.

ఇప్పటికీ తింటోంది. తనకు వేరుగా వండుకుంటుంది, ఎంత చెప్పినా వినదు. రాయనన్నాను, ఒక్క అక్షరం రాయలేదు. కానీ పొద్దున ఆమె దగ్గితే నా చేతిలో పని ఆగిపోతుంది. మెట్లు దిగుతుంటే కాలు తడబడిందా అని చూస్తాను. అన్నం ఎంత తిన్నదో చూస్తాను. నేను చూస్తున్నానని ఆమెకు తెలుసు. నా ముందు నుంచి పోయేటప్పుడు మాత్రం కాస్త నిటారుగా నడుస్తుంది.