మా బాలత్త రాకు పాటలు

మొన్న మా అమ్మాయికి గొంతు పట్టేస్తే మిరియాలు, శొంఠి, చిన్న కరక్కాయ ముక్క దంచి నీళ్లలో వేసి కషాయం మరిగిస్తున్నాను. డోంబివలీలో మా వంటింటి కిటికీ చిన్నది, ఆ ఘాటు బయటికి పోయే దారిలేక ఇల్లంతా కమ్ముకుంది. మూత తీసేసరికి ఒక్కసారిగా నేను కామాటిపుర ఎనిమిదో గల్లీలో, ఒంటిగది కాపురాల మా చాళీ రెండో అంతస్తులో, పొయ్యి ముందు గొంతుక్కూర్చున్న మా అవ్వ పక్కన ఉన్నాను. అవ్వంటే మా నాయనమ్మ. రోజూ పొద్దున్నే ఇదే కషాయం కాచేది, కాగినంతసేపూ తిడుతూ ఉండేది, ఆ తర్వాత స్టీలు గ్లాసులో పోసి రెండుమూడుసార్లు తిరగబోసి చల్లార్చి నా చేతికిచ్చి మా బాలత్తకు పంపేది. తిట్లూ కషాయమూ రెండూ బాలత్త గొంతు గురించే.

బాలత్త అంటే బాలమణి, మా నాయిన చెల్లెలు. ఇవాళ మరాఠీ సీరియళ్లు చూసే ఇళ్లలో ఆమె మొహం తెలియనివాళ్లు తక్కువ. కోడళ్లను కనుబొమ్మతోనే హడలగొట్టే అత్తగారు ఆమే, సినిమాల్లో పోలీసు స్టేషను మెట్ల మీద కూర్చుని కొడుకు వచ్చేదాకా లేవనని భీష్మించే తల్లీ ఆమే. అంతకు ముందు ఈమె గిటార్లకూ డ్రమ్ములకూ మధ్య నిలబడి, జుట్టు విరబోసుకుని, ఇంగ్లీషులో రాక్ పాటలు పాడేదంటే మా అమ్మాయి స్నేహితులు నమ్మరు. నమ్మడానికి నాకు సాక్ష్యం అక్కర్లేదు. ఆమెకు ఆ ఇంగ్లీషు నేర్పింది నేనే. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

మాది ఒక్కటే ఖోలీ. ఆ ఒక్క గదిలో అమ్మ, నాయిన, అవ్వ, బాలత్త, నేను. మూల స్నానానికి మోరీ, మోరీ పక్కన పొయ్యి, పొయ్యి పైన అటక, అటక మీద మా ఆస్తి మొత్తం. తలుపు తీస్తే అందరిదీ అయిన పొడుగాటి గ్యాలరీ. పొద్దున నల్లా వచ్చే గంటలో అక్కడ బిందెల చప్పుడు, మరాఠీలో మొదలై తెలుగులో ముగిసే తగాదాలు. మధ్యాహ్నం నాయిన ప్రెస్సులో పుస్తకాల బైండింగు పనికీ మగవాళ్లంతా ఎవరి పనులకు వాళ్లూ పోయాక, ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు. సాయంత్రం లగోరీ ఆటకు రాళ్లు పేర్చుకునే పిల్లలం. వానాకాలంలో ఆరని దుప్పట్ల వాసనా, కిరసనాయిలు వాసనా, తడిసిన తునికాకు వాసనా కలిసి ఒకటే వాసనైపోయేవి, మా పుస్తకాలకు కూడా అదే పట్టేది. బీడీలు చుట్టేటప్పుడు అవ్వ పాట ఎత్తుకునేది. చేతులు ఆగకూడదు, పాట తెగకూడదు, ఊపిరి మాత్రం ఎక్కడో దొంగతనంగా తీసుకోవాలి. పక్కన కూర్చుని ఆకులు కత్తిరించే బాలత్త సంగీతం నేర్చిన బడి అదొక్కటే.

పదో తరగతి తప్పాక బాలత్త ఫోరస్ రోడ్డు మీద లౌడ్‌స్పీకర్లూ యాంప్లిఫయర్లూ బాగుచేసే దుకాణంలో పనికి కుదిరింది. తెగిన తీగలు అతికేది, అతికాక మైకు పెట్టి పరీక్షించేది. అందరూ "హలో, హలో" అని ఊరుకుంటారు కదా, ఈమె అవ్వ పాటల్లో ఒకటి అందుకునేది. నేను సెలవుల్లో ఆమెకు డబ్బా తీసుకుపోయేదాన్ని. ఒకరోజు జొన్నరొట్టె, పుంటికూర తీసుకుని వెళ్లేసరికి దుకాణం ముందు నలుగురు కాలేజీ అబ్బాయిలు, తమ యాంప్లిఫయరు తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు, నోరు తెరిచి నిలబడి ఉన్నారు. బాలత్త వాళ్లను చూడలేదు. కళ్లు మూసుకుని, పెద్ద స్పీకరు ముందు, గల్లీ చివరిదాకా వినపడేలా పాడుతోంది. పాట అయ్యాక వాళ్లలో గిటారు వాయించే అబ్బాయి హిందీలో అడిగాడు, మా బృందంలో పాడతారా అని. బాలత్త చెయ్యి తుడుచుకుని, ముందు డబ్బా తిని చెప్తానంది. తిని, సరేనంది.

చిక్కంతా ఇంగ్లీషుతో వచ్చింది. వాళ్ల పాటలన్నీ ఇంగ్లీషులో రాసుకున్నవి. మా ఇంట్లో ఇంగ్లీషు మీడియం బడికి పోయేదాన్ని నేనొక్కదాన్నే. సాయంత్రం మెట్ల మీద కూర్చుని నేను ఒక్కో మాటా చదివితే ఆమె తెలుగు అక్షరాల్లో నోటుపుస్తకంలో రాసుకునేది. అర్థం ఇద్దరికీ తెలియదు. ఒక మాటకు అర్థమేమిటని బడిలో టీచరమ్మను అడిగి, గంటసేపు తరగతి బయట నిలబడ్డాను. ఆ మాటకు అర్థం నాకు పెళ్లయ్యాక గాని తెలియలేదు. ఇంకో పాటలో ఎడారి అనే మాట వచ్చింది. నేను దాన్ని భోజనం తర్వాత తినే మిఠాయికి ఇంగ్లీషులో ఉన్న మాటలా పలకడం నేర్పాను. కాలేజీ మైదానం నిండా జనం ఉండగా బాలత్త, తాను దాహంతో మిఠాయిలో పడి నడిచిపోతున్నానని గొంతెత్తి పాడింది. జనానికి అది మహా నచ్చింది. బృందం వాళ్లు ఇక దాన్ని దిద్దలేదు.

అవ్వకు ఈ వ్యవహారం మొదట్నుంచీ మింగుడుపడలేదు. పాట పేరే ఆమెకు తప్పుగా తోచింది.

"రాకు రాకు అంటరు, మళ్ల టికెట్టు పెట్టి రమ్మంటరు. గిదేం పాటనే" అనేది.

అయినా కషాయం మానలేదు. గొంతు దేవుడిచ్చింది, పాట సైతానుదైతే కషాయానికేం పాపమని గ్యాలరీలో వాళ్లకు సమాధానం చెప్పుకునేది.

రెండేళ్లలో బాలత్తకు పేరొచ్చింది. గోడల మీద పోస్టర్లు పడ్డాయి. అప్పుడొక పత్రిక నుంచి ఒకమ్మాయి వచ్చి మాట్లాడింది. ఎక్కడుంటారని అడిగితే గ్రాంట్ రోడ్ అని చెప్పమని బృందం వాళ్లు ముందే చెప్పిపెట్టారు. అందులో వింతేమీ లేదు, మేమందరం బయట అదే చెప్పేవాళ్లం. కామాటిపుర అనగానే వినేవాళ్ల మొహం మారే తీరు మాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. పక్క గల్లీల్లో వేశ్యల ఇళ్లున్నాయని లోకానికి తెలుసు గాని, మా గల్లీల్లో బీడీలు చుట్టేవాళ్లూ బైండింగు చేసేవాళ్లూ పదో తరగతి పరీక్షలకు చదివేవాళ్లూ ఉన్నారని ఎవరికీ పట్టదు. నా బడి రిజిస్టరులో కూడా గ్రాంట్ రోడ్ అనే ఉంది. బాలత్త మాత్రం ఆ పత్రికమ్మాయికి కామాటిపుర, ఎనిమిదో గల్లీ అని చెప్పింది. ఫొటో కింద అచ్చుపడింది.

మర్నాడు బడిలో నా బెంచీ మీద కూర్చునే పిల్ల వేరే బెంచీకి మారింది. వారం తిరక్కుండా బాలత్తకు పుణె నుంచి వచ్చిన సంబంధం వెనక్కిపోయింది. నాయిన పత్రిక మడతపెట్టి నేల మీద ఉంచి, బాలత్త వైపు తిరిగాడు.

"పేరు రాస్తె రాసిన్రు. గల్లీ నంబరు గూడ ఎందుకు చెప్పినవే?"

"ఉన్న ఇల్లే చెప్పిన అన్నా. నువ్వు పెద్దగైంది, నేను పెద్దగైంది ఈడనే గద. సిగ్గుపడెటంత తప్పు మన ఇల్లేం చేసింది?"

నాయిన ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఒకే గదిలో మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమో చూడాలి. ఆమె పక్కనే ఉండగా, "పద్మా, చాయ చల్లారుతున్నదని మీ అత్తకు చెప్పు" అని నాకు చెప్పేవాడు. "తాగుతున్న అని మీ నాయినకు చెప్పు" అని ఆమె అనేది. నేను మధ్యలో కూర్చుని చెప్పినట్టు తలాడించేదాన్ని. ఇలా వానాకాలమంతా గడిచింది.

ఆ ఏడు బతుకమ్మ పండగకు గల్లీ ఆడవాళ్లు వచ్చి, ఎక్కడెక్కడో పాడుతున్నావు, మన గల్లీల ఎందుకు పాడవని బాలత్తను నిలదీశారు. గునుగు పువ్వు దొరక్క దాదర్ బంతిపూలతోనే మూరెడెత్తు బతుకమ్మలు పేర్చాం; పాలమూరు బస్సులో ఎవరో తంగేడు ఒక సంచెడు పంపితే ఇల్లిల్లూ గుప్పెడు గుప్పెడు పంచుకుంది. నువ్వుల సద్ది, పెరుగు సద్ది, మలీద ముద్దలు గ్యాలరీలో వరసగా పెట్టారు. చప్పట్ల ఆట అయ్యాక గల్లీ మధ్యలో చెక్క బల్లల మీద బాలత్త బృందం నిలబడింది. రెండు ఇంగ్లీషు పాటలకు పిల్లలం గెంతాం, పెద్దవాళ్లు మర్యాదగా విన్నారు. మూడోది మొదలవగానే గ్యాలరీల్లో వాళ్లంతా ముందుకు వంగారు. అది అవ్వ బీడీల పాట. డ్రమ్ములు అదే దరువు అందుకున్నాయి, గిటారు గర్జించింది, ఆ పైన బాలత్త గొంతు. మూడో చరణంలో ఆమె ఒక మాట మరిచి తడబడింది. పై నుంచి అవ్వ, అప్పటిదాకా మొహం ముడుచుకుని కూర్చున్న అవ్వ, కటకటాలు పట్టుకుని లేచి ఆ చరణం తానే ఎత్తుకుంది. మైకు లేదు. అక్కర్లేదు. గిటారు అబ్బాయి తల పైకెత్తి ఆమె కోసం తన వాద్యం తగ్గించాడు. తల్లీ కూతుళ్లు ఒకరు పైనుంచీ ఒకరు కిందనుంచీ పాట ముగించారు.

సామాను సర్దేటప్పుడు బాలత్త యాంప్లిఫయరు ఎత్తబోయింది. నాయిన వచ్చి ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

"జరుగు. నీకు బరువైతది."

నేరుగా ఆమెతోనే అన్నాడు. నాకు కబుర్లు మోసే పని పోయింది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా బాలత్త గొంతు బొంగురుపోయింది. కషాయాలు పనిచేయలేదు. స్వరపేటికలో బుడిపెలు లేచాయని, కోసి తీయాలని, తర్వాత మూడు నెలలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదని డాక్టరు చెప్పాడు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు ఆమె మోరీలోకి పోయి, బిందెలోంచి చెంబుతో నీళ్లు ఒంపుతూ, ఆ చప్పుడులో చాలాసేపు ఉండిపోయింది. బయటికి వచ్చాక కళ్లు ఎర్రగా ఉన్నాయి. అడిగినా చెప్పడానికి ఆమెకు మాట లేదు.

కాని మూలన కూర్చునే మనిషి కాదామె. వారం తిరక్కుండా సైగలతో కథలు చెప్పడం మొదలుపెట్టింది. సాయంత్రం లగోరీ మానేసి మేమంతా మెట్ల మీద చేరేవాళ్లం. పొద్దున నల్లా దగ్గర జరిగిన తగాదా మొత్తం, అందులోని అయిదుగురు ఆడవాళ్లనూ, ఒలికిన బిందెనూ, మధ్యలో పారిపోయిన పిల్లినీ ఒక్కతే ఆడి చూపించేది. బృందంలో డ్రమ్ములు వాయించే అబ్బాయి వాళ్లక్క మరాఠీ నాటకాలు వేయించేది. బాలత్తను పలకరించడానికి వచ్చినావిడ, గదిలోకి రాకుండా మెట్ల మీదే మా పిల్లల మధ్య కూర్చుని, ఆ తగాదా చివరిదాకా చూసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆ నెలలోనే ఆమెకు మాటలు లేని ఒక ముసలామె వేషం ఇచ్చింది.

ఆ నాటకానికి అవ్వను నేనే తీసుకుపోయాను. తెర లేచింది. తెల్ల జుట్టు, వంగిన నడుము, ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకో చేత్తో గోడ తడుముకుంటూ ముసలామె వచ్చింది. కూర్చునే ముందు నేల మీద చేత్తో మూడుసార్లు తుడిచింది, అచ్చం అవ్వలాగే. కొంగుతో ముక్కు ఒత్తుకుంది, అచ్చం అవ్వలాగే. అందరూ నవ్వుతున్నారు. అవ్వ నవ్వలేదు. కొంచెంసేపటికి నా చెవి దగ్గరికి వంగింది.

"ఆ ముసల్ది ఎవరో గని పాపం, నడుమునొప్పి మస్తుగున్నట్టుంది. మన బాల ఎప్పుడొస్తది?"

ఆమే బాలత్తని చెప్పాను. అవ్వ మళ్లీ వేదిక వైపు చూసింది. అక్కడి ముసలామె మోకాలి మీద చెయ్యి ఆనించుకుంది. ఇక్కడ అవ్వ తన మోకాలి మీదున్న చెయ్యి మెల్లగా తీసి ఒళ్లో దాచుకుంది. ఇంటికొచ్చాక బాలత్తను దగ్గర కూర్చోబెట్టుకుని, "నన్ను గింత మంచిగ ఎప్పుడు చూసినవే" అని మాత్రం అడిగింది.

మూడు నెలలకు గొంతు తిరిగొచ్చింది గాని పై స్థాయి రాలేదు. గరుకుగా, ఎండిన ఆకు నలిపినట్టుండేది. బృందంతో ఒక్కసారి సాధనకు పోయింది, సగం పాటలో ఆగింది, నవ్వి మైకు పక్కనున్న కొత్తమ్మాయి చేతికిచ్చి ఇంటికొచ్చింది. ఆ గరుకు గొంతే నాటకాలకు పనికొచ్చింది, నాటకాల నుంచి సీరియళ్లు, సీరియళ్ల నుంచి సినిమాలు. పెళ్లి తనకు నచ్చినవాణ్ణి, ఆమె పనిచేసిన దుకాణం వీధిలోనే రేడియోలు బాగుచేసేవాణ్ణి, తీరిగ్గా ముప్ఫై అయిదో ఏట చేసుకుంది. పాడలేకపోయానని బాధపడ్డావా అని ఒకసారి అడిగాను. ఏడాది బాధపడ్డానని, ఆ తర్వాత తీరిక దొరకలేదని చెప్పింది.

ఇప్పుడు అవ్వ లేదు, నాయిన లేడు. గల్లీలోని తెలుగువాళ్లు చాలామంది డోంబివలీకో భివండీకో చేరారు, వాళ్ల పిల్లలు మరాఠీలోనే కలలు కంటున్నారు. పోయిన నెల చాళీ ఖాళీ చేయించారు. కూలగొట్టకముందు ఒకసారి చూద్దామని బాలత్త, నేను పొద్దున్నే వెళ్లాం. చుట్టూ రేకులు కట్టేశారు, లోపలికి పోనివ్వలేదు. గ్యాలరీ కటకటాలు అప్పటికే తీసేశారు. బీడీల చాటలు లేవు, బిందెల వరస లేదు, మధ్యాహ్నపు పాట లేదు.

రేకుల పక్కన నలుగురు ఆడకూలీలు గంపలు ముందు పెట్టుకుని చాయ తాగుతున్నారు. వాళ్ల తెలుగు వినపడి బాలత్త ఆగిపోయింది. వాళ్లు ఆమెను గుర్తుపట్టలేదు, మరాఠీ సీరియళ్లు వాళ్లెందుకు చూస్తారు. పాలమూరు నుంచి వచ్చి పది రోజులైందట.

"నీది ఏ ఊరమ్మా?" అని వాళ్లలో పెద్దామె అడిగింది.

"మాది ఇదే ఊరు."

పెద్దామె నమ్మనట్టు చూసి, జరిగి చోటిచ్చింది. పని ఎక్కడని బాలత్త అడిగితే రేకుల వెనక మా చాళీ వైపు గడ్డంతో చూపించింది. ముందు కూలగొట్టాలట, తర్వాత అక్కడే పెద్ద మేడ కట్టాలట, మూడు నాలుగేళ్ల పని. మా ముత్తాత కూడా ఇదే పాలమూరు నుంచి తాపీ పట్టుకుని ఈ గల్లీకి వచ్చాడని బాలత్త వాళ్లకు చెప్పలేదు. రెండో చాయ తెప్పించుకుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని వాళ్ల మధ్య కూర్చుంది.

"మంచిగ కట్టున్రి" అంది. "గ్యాలరీ జరంత వెడల్పు పెట్టుమని మీ మేస్త్రీకి చెప్పున్రి."