ఓడినవాళ్ల ఇంటికి వెళ్లే ప్లీడరు గారు

మా సీనియర్ గారు పోయారని గుమాస్తా గారు ఫోన్ చేసేసరికి నేను తణుకు కోర్టు వరండాలో ఉన్నాను. కన్నీళ్లు రాలేదు. ‘ఇక నాకు కేసులెలా వస్తాయి?’ అనుకున్నాను. ముందు వచ్చిన ఆలోచన అదే. సిగ్గు లేకుండా మీకు చెప్పేస్తున్నాను.

ఆయన దగ్గర చేరిన కొత్తలో ఇదే ప్రశ్న ఆయన్నే అడిగాను. “ఓడిపోయినవాళ్ల ఇంటికి వెళ్లమ్మాయ్. గెలిచినవాడు స్వీటు బాక్సు తెచ్చి ఇస్తాడు, అంతటితో సరి. ఓడినవాడు మాత్రం మనల్ని రోజూ తలుచుకుంటాడు” అన్నారు.

ఆదివారం పొద్దున్నే డజను అరటిపళ్లు పట్టుకుని బయల్దేరేవారు. కుర్రతనంలో సైకిల్ మీద, తర్వాత స్కూటర్ మీద, మోకాళ్లు పోయాక బస్సులో. అరుగు మీద కూర్చుని, గేదె ఈనిందా అని అడిగి, మజ్జిగ తాగి వచ్చేసేవారు. కేసు ఊసే ఎత్తేవారు కాదు. డెబ్బై దాటాక కూడా ఆయన గదిలో కొత్త ముఖాలు కనపడేవి. నేనేమో విజిటింగ్ కార్డులు కొట్టించాను, పెద్ద బోర్డు పెట్టించాను. కార్డులు ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాయి.

నా మొదటి పెద్ద కేసు ఒక రైతుది, పొలానికి నీళ్లొచ్చే బోదె తగాదా. అసలు సాక్షిని పిలిపించడం మరిచిపోయాను. ఓడిపోయాం. ఆ బోదె పక్కవాళ్లదైపోయింది.

“వెళ్లి కనపడిరా. తిడతాడు. తిట్టించుకో” అన్నారు సీనియర్ గారు.

“వెళ్తానండి” అన్నాను. వెళ్లలేదు. కొన్నాళ్లు అడిగారు, తర్వాత మానేశారు. మరిచిపోయారనుకుని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

మొన్న సీనియర్ గారి పెద్దకార్యానికి ఆ రైతు వచ్చాడు. స్తంభం చాటుకు తప్పుకోబోయాను. ఆయనే నా దగ్గరికొచ్చాడు.

“బాగున్నారాండి లాయరమ్మ గారూ? మీరు పంపారని సీనియర్ గారు ఏటా వచ్చేవారండి. ‘అమ్మాయికి కోర్టు పని తెమలట్లేదు, నన్ను చూసి రమ్మంది’ అనేవారు. ఓడిపోయినా మర్చిపోలేదు చూడండి అని మా ఊళ్లో అందరికీ మీ పేరే చెప్పానండి.”

ఆ ఊరి నుంచి నా దగ్గరికి కేసులతో వచ్చినవాళ్లంతా నా బోర్డు చూసి మెట్లెక్కారనుకున్నాను ఇన్నేళ్లూ! ఎంత పిచ్చిదాన్ని! నా కోసం ఆ మోకాళ్లతో బస్సెక్కారు మహానుభావుడు, ఒక్క మాట కూడా నాతో అనలేదు. ఇప్పుడు దణ్ణం పెడదామన్నా ఫొటోకే పెట్టాలి.

రైతు చేతిలో కాగితాల కవరుంది. “మా తమ్ముడితో సరిహద్దు పేచీ వచ్చిందండి. మీకే ఇద్దామని తెచ్చాను” అన్నాడు.

పుచ్చుకోవచ్చు. నెలరోజులుగా నా గుమ్మం తొక్కిన కొత్త మనిషి లేడు. కానీ ఆయన నా కోసం ఆడిన అబద్ధం దాచుకోలేకపోయాను.

“నేను పంపలేదండి. ఆయనే వచ్చారు. నాకు మీ ఇల్లెక్కడో కూడా తెలీదు.”

“అవునాండి” అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. “వస్తానండి” అని వెళ్లిపోయాడు.

ఎదురుగా బస్సు ఆగే చోట, ఎండలో, కవరు రెండు చేతులతో గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు. బస్సు వచ్చేదాకా ఇటు చూడలేదు.