బావ చేసిన వూఫర్ పెట్టె

ఫైబర్ పని చేసినవాడికి దురదంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పనిలో పరిచే మ్యాట్ చూడ్డానికి తెల్లగా, మెత్తగా, పసిపిల్లకి పక్క వెయ్యొచ్చన్నట్టు ఉంటుంది. అంతా గాజు. చొక్కా మెడలోంచి దూరి మోచేతి మడతల్లో చేరిందంటే ఇక వారం రోజులు నిద్ర ఉండదు. కొబ్బరినూనె రాసుకున్నా పోదు, గోక్కుంటే ఇంకా లోపలికి దిగుతుంది. విజయనగరంలో కార్లకి పాటల సెట్లు బిగించే కొట్టు పెట్టి ఇన్నేళ్ళయినా నేను ఆ పని జోలికి పోలేదు. చెక్క పెట్టెలతోనే నా బతుకు వెళ్ళిపోయింది. జోలికి పోయింది ఒక్కసారి, అదీ బావ కోసం.

బావ అంటే మా అప్ప మొగుడు. అక్కని మావైపు అప్ప అంటాం. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఊరు. తాతల నాటి నుంచి వేటే. నాకు తెప్పెక్కితే వాంతులు. గంగపుత్రుడి కడుపున ఇలాంటివాడు ఎలా పుట్టాడా అని మా నాన్న కొన్నాళ్ళు తల పట్టుకుని, చివరికి విసుగెత్తి టేప్ రికార్డర్లు బాగుచేసే కొట్టులో పడేశాడు. బావ అలా కాదు. మంచి వేటగాడు, అంతకన్నా మంచి ఫైబర్ పనివాడు. ఫైబర్ తెప్ప పగిలితే అతుకు వెయ్యడానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బావ కోసమే వచ్చేవారు. తన తమ్ముడు సముద్రంలో పోయాక ఊళ్ళో ఆ పని మానేశాడు. ఏటా గుజరాత్ వెళ్ళి అక్కడి పెద్ద బోట్ల మీద కూలికి వేటకెళ్ళడం మొదలెట్టాడు. మా ఊళ్ళ నుంచి అలా వెళ్ళేవాళ్ళు చాలామందే. వెళ్తే మళ్ళీ వేసవికే రావడం.

ఆ ఏడాది వేట నిషేధం రోజుల్లో బావ ఇంటి దగ్గరుండగా అప్ప నాకు ఫోన్ చేసింది.

"ఒరే తమ్ముడూ, ఈపాలి మీ బావని ఎల్లనీకురా. నీ కొట్లో ఏదో ఒక పని సెప్పి ఉంచీ. ఆయన ఆ బోటెక్కినాడంటే నాకు ముద్ద దిగదు. తుఫానని టీవీలో సెప్తే సాలు, దాన్ని కట్టీసి కూకుంటన్నాను."

మా అప్ప ఎప్పుడూ ఎవర్నీ ఏదీ అడగదు. అడిగేసరికి నాకు కాదనడానికి నోరు రాలేదు. నిజానికి నా కొట్లో నాకే సరిగ్గా పని లేదు. కార్లన్నీ ఇప్పుడు సెట్లతోనే వస్తున్నాయి. నాదగ్గరికొచ్చేవాళ్ళు హార్న్ మోగటం లేదనో, అద్దం దిగటం లేదనో వస్తారు. అయినా సరే అన్నాను. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డం కొత్తా!

అదృష్టం ఏమిటంటే, బావ దిగిన వారానికే ఒక బేరం తగిలింది. చీపురుపల్లి అతను, మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. పొద్దున్న లేస్తే శ్రీముఖలింగం దాకా చిన్న కారులో తిరగడమే అతని ఉద్యోగం. పాటలు లేకపోతే నిద్రొచ్చేస్తోందట. గుండెల్లో దడ పుట్టేలాంటి వూఫర్ కావాలి, కానీ డిక్కీలో మందుల సంచీలకి చోటు పోకూడదు. చెక్క పెట్టె పెడితే డిక్కీ అంతా అదే మింగేస్తుంది. చక్రం వెనకాల, పక్క రేకు లోపలికి వంగిన మూల ఒకటి ఎందుకూ పనికిరాకుండా ఉంటుంది. ఆ మూల ఒంపుకి తగ్గట్టు పెట్టె చెయ్యాలంటే ఫైబరే గతి. బావకి చూపించాను.

"ఇదేటి, తెప్ప ముక్కులో సగం కూడా నేదు," అన్నాడు. చాలా రోజులకి ఆయన మొహంలో నవ్వు చూశాను.

ఆ రాత్రే అప్పకి ఫోన్ చేసి చెప్పాను, ఈ పెట్టె కుదిరితే ఇలాంటివి ఇంకా వస్తాయని, బావ ఇక్కడే ఉండిపోతాడని. అప్ప ముక్కు చీదుకున్న చప్పుడు మాత్రం వినిపించింది.

బావ ఊరి నుంచి తన సరంజామా గోనెసంచిలో తెచ్చుకున్నాడు. మూలకంతా టేపు అంటించి, మీద మైనం రుద్ది, జిగురులాంటి రెజిన్‌లో గట్టిపడ్డానికి హార్డెనర్ కలిపి, మ్యాట్ ముక్కలు పరిచి బ్రష్షుతో పొడుస్తూ ఒక్కో వరసా ఎక్కించాడు. ఆ వాసనకి పక్క టైలర్ రెండుసార్లు వచ్చి పోట్లాడాడు. నేనూ పోట్లాడాను. ఉక్కపోతకి అందరికీ నోళ్ళు లేస్తున్నాయి. బావ మాత్రం తల ఎత్తలేదు. గట్టిపడ్డాక డిక్కీలోంచి లాగితే ఆ మూల ఎలా ఉందో అచ్చం అలాగే ఊడి వచ్చింది. దానికి ముందువైపు వూఫర్ కూర్చోడానికి చెక్క రింగు నిలబెట్టి, రింగు నుంచి అంచుల దాకా బనీను గుడ్డ బిగదీసి, గుడ్డ మీద రెజిన్ పట్టించాం. మర్నాటికి గుడ్డ తడితే గంటలా మోగింది. లోపలా బయటా మళ్ళీ మ్యాట్ వేశాం. నా ఒళ్ళు అప్పటికే దద్దుర్లు. రాత్రి పడుకుంటే దుప్పట్లో కూడా గాజే. ఇంట్లో మా ఆవిడ నా బట్టలు విడిగా ఉతికి, నన్ను కూడా విడిగానే పడుకోమంది.

ఇంక మిగిలింది వైర్లు లాగి, వూఫర్ రింగులో పెట్టి మరలు బిగించడమే. అంతలో మా ఆవిడ తరఫువాళ్ళ పెళ్ళొకటి కొత్తవలసలో. వెళ్ళకపోతే ఏడాది పొడుగునా వినాలి. "బావా, నేనొచ్చేలోగా అంచులు గరుకు కాగితంతో రుద్ది ఉంచు, వూఫర్ నేనొచ్చి పెడతాను," అని చెప్పి వెళ్ళాను. పెళ్ళిలో కూర్చున్నానన్న మాటే గానీ నా చేతులు గోక్కోవడానికే సరిపోయాయి, చెవులు మా ఆవిడ తిట్లకి సరిపోయాయి.

మర్నాడు కొట్టుకి వచ్చేసరికి పెట్టె బల్ల మీద మెరుస్తోంది. అంచు అంచూ రుద్ది, పసుపు రాసి, బొట్టు పెట్టి ఉంచాడు బావ. కొత్త తెప్పకి చేసినట్టే. నవ్వొచ్చింది. వైరు దూరుద్దామని రింగులో చెయ్యి పెట్టాను. చెయ్యి నాలుగు వేళ్ళ లోతులోనే ఆగిపోయింది.

లోపలంతా ఫోము. తెప్పల ముక్కులో, పక్క గదుల్లో మునక్కుండా పోస్తారే, రెండు ద్రావకాలు కలిపితే పొంగి నురుగై గడ్డకట్టేది. పసుప్పచ్చగా, గట్టిగా, గాలి చొరడానికి సందు లేకుండా పెట్టె నిండా. వూఫర్ వెనక అయస్కాంతం పట్టేంత గుంట మాత్రం చక్కగా, గుండ్రంగా, కత్తితో చెక్కి ఉంచాడు.

వూఫర్‌కి పెట్టె ఎందుకంటే అందులో ఉన్న ఖాళీ కోసం. ఆ ఖాళీలో గాలి ఊగితేనే అది గుండెల్లో దడ. నింపేస్తే అది పెట్టె కాదు, దిమ్మ. ఈ మాట నేను బావకి చెప్పలేదు. చెప్పాలని తట్టను కూడా తట్టలేదు, నీళ్ళు తడిగా ఉంటాయని ఎవరైనా చెప్తారా!

"ఏం చేశావు బావా?" అన్నాను.

"నిండా పోసీసినాను. ఇంక బెంగ నేదు," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. తెచ్చుకున్న ఫోమంతా ఖర్చు పెట్టేశాడట. ఆ మాట చెప్తుంటే ఆయన మొహం వెలిగిపోతోంది.

నాకు ఒళ్ళు మండింది. దద్దుర్ల మంట, నిద్రలేని మంట, పెళ్ళిలో తిన్న తిట్ల మంట, అన్నీ కలిసి నోట్లోంచి వచ్చేశాయి. ఇది విజయనగరం బావా, సముద్రం కాదు, కారు మునుగుతుందా, మునిగినా పెట్టె పట్టుకుని తేలతారా అని అరిచాను. సాయంత్రానికి ఆ చీపురుపల్లి అతనొస్తాడు, ఏ మొహం పెట్టుకుని చూపించను అని అరిచాను. టైలర్ మిషను ఆపి విన్నాడు. బావ వంగి పెట్టె బొట్టు చెరిపేసి, సంచిలోంచి కత్తి తీసి, నాకో ఉలి ఇచ్చాడు.

ఇద్దరం పెట్టెని మధ్యన పెట్టుకుని తవ్వడం మొదలెట్టాం. ఫైబర్‌కి పట్టిన ఫోము అంత తేలిగ్గా వదలదు. రింగులోంచి మోచేయి దాకా దూర్చి, కనపడని చోట గీకాలి. గోరంత గోరంత రాలుతుంది. గీరుకున్న చోటల్లా గాజు. మధ్యాహ్నం అయ్యేసరికి ఇద్దరి చేతులూ ఎర్రగా వాచాయి. ఫోము పొడి చెమటకి అంటుకుని ఇద్దరం పసుపు నీళ్ళాడినట్టు ఉన్నాం. అన్నం తిందామన్నా వేళ్ళు ముడుచుకోలేదు. అప్పుడు బావ చెయ్యి పెట్టెలోనే ఉంచి, నా వైపు చూడకుండా మాట్లాడాడు.

"మా తమ్ముడు పోయిన తెప్ప నాను మూసిందేరా."

నేను ఉలి ఆపాను.

"ముక్కు కాడ గది పగిల్తే అతుకేసినాను. ఫోము అయిపోనాది. తెప్పించి పోద్దామన్నాను. ఆడు ఇన్నేదు. సేపలు పడతన్నాయి, బేగి మూసీ అన్నాడు. నాలుగు రోజులకేటవుద్దిలే అని ఖాళీగానే మూసీసినాను. కెరటం కొట్టినాది, తెప్ప తిరగబడ్డాది. తిరగబడితే ఏటి? ఫోముంటే తేలతాది, పట్టుకుని ఉంటారు, ఎవులో ఒకలు వస్తారు. అతుకు ఇడిపోయి ఆ గది నిండా నీళ్ళు పోనాయి. తెప్ప కిందకెల్లిపోనాది. ఆడికి పట్టుకోడానికేటీ నేదు."

మా ఊళ్ళో అందరూ కెరటం కొట్టిందనే చెప్పుకున్నారు. నాకూ అంతే తెలుసు. ఇన్నాళ్ళూ ఆ మాట ఆయన ఒక్కడే మోశాడు. కోపం పోతే మనసు తేలికపడుతుందంటారు. నాకు తేలికపడలేదు. ఇంకా నీరసం వచ్చింది. "నీ తప్పేముంది బావా," అన్నాను. అలాంటప్పుడు అందరూ అనే మాటే. ఆయన వినిపించుకోలేదు, మళ్ళీ గీకడం మొదలెట్టాడు. కళ్ళల్లో నీళ్ళు వస్తే తుడుచుకోడానికి కూడా చేతులు పనికిరావు, గాజు.

సాయంత్రానికి పెట్టె ఖాళీ అయింది. వైర్లు లాగి, వూఫర్ తీసి బావ చేతిలో పెట్టాను. ఆయన చేసిన పెట్టె, ఆయనే బిగిస్తే బాగుంటుందని. బావ దాన్ని రింగు దాకా తీసుకెళ్ళాడు. లోపలి చీకటిలోకి చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. తర్వాత వూఫర్ నా చేతిలో పెట్టేసి వీధిలోకి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. మరలు నేనే బిగించాను.

చీపురుపల్లి అతను వచ్చాడు. పెట్టెని డిక్కీ మూలలో దించి పాట పెట్టాను. కొట్లో రేకులు అదిరాయి, టైలర్ మళ్ళీ పోట్లాటకొచ్చాడు. అతను ఎగిరి గంతేసినంత పని చేసి, తన స్నేహితులు ఇద్దరికి ఇలాంటివే కావాలన్నాడు. ఎన్నాళ్ళ తర్వాతో నా కొట్టుకి వచ్చిన మంచి మాట అది. ఆ మాట బావకి చెప్పాలని వెళ్ళాను.

"నీ పని నిలబడింది బావా. ఇంకో రెండు వస్తాయి. వూఫర్ పెట్టి మూసే పని నాకొదిలేయ్. అచ్చు తియ్యడం, మ్యాట్ వెయ్యడం నువ్వు చెయ్యి."

"నువ్వు మూసినా లోపల ఖాళీయే కదురా," అన్నాడు.

"కారులో ఖాళీ ఎవర్నీ ముంచదు బావా."

"నాకు తెల్దేటి? తెలుసు. తెలిసినా సెయ్యి ఆడదు. గుజరాత్ ఎల్లిపోతాను. అక్కడ నాను మూసీదేటీ ఉండదు. ఎవులో మూసిందాన్లో ఎక్కుతాను, అంతే."

బతిమాలాను. అప్ప పేరు చెప్పాను. ఇంకేదైనా పని చూపిస్తానన్నాను, ఏం పనో నాకే తెలీకుండా. ఆయన నా వాచిన చేతుల వైపు చూసి, కొబ్బరినూనె రాసుకోమన్నాడు. మర్నాడు పొద్దున్న బస్సెక్కి ఊరెళ్ళాడు. వారం తిరక్కుండా బోట్లకి కూలీల్ని తీసుకెళ్ళే మేస్త్రీ మనుషుల్తో రైలెక్కేశాడు.

బావ రైలెక్కిన రోజు అప్పకి ఫోన్ చెయ్యడానికి నాకు సాయంత్రం దాకా ధైర్యం చాలలేదు. అడిగిన ఒక్క పనీ చెయ్యలేకపోయాను. ఏం తిట్టినా పడదామనుకుని చేశాను. జరిగిందంతా చెప్పాను, పెట్టె గురించీ, ఫోము గురించీ, ఆ గది గురించీ.

"ఇంట్లో మూతున్న డబ్బా ఏదీ ఖాళీగా ఉండనియ్యడురా," అంది అప్ప. "పప్పు అయిపోనాదంటే ఇసక పోసి మూతెట్టీస్తాడు. ఎందుకని నానెప్పుడూ అడగనేదు. అడిగితే సెప్పీస్తాడని బయ్యం."

వెనకాల సముద్రం హోరు వినిపిస్తోంది.

"తమ్ముడూ, ఆ పెద్ద బోట్లు మూసినప్పుడు లోపల నింపుతారేట్రా?"

నేను ఆ బోట్లని ఏనాడూ చూడలేదు. వాటిని ఎవరు చేస్తారో, ఎలా మూస్తారో నాకు తెలీదు.

"నింపుతారప్పా," అన్నాను. "నిండా నింపుతారు."